పాల్వంచ పొగ, ఖమ్మం చలి

మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ నలభై అయిదు దాటిందంటే అదేం వార్త కాదు. ఇలాంటి సీమలో పడమటి ముఖంగా నిలువెత్తు అద్దాలు తొడిగి షాపింగ్ మాల్ కట్టడం మాత్రం ప్రతిభే. బిల్డర్లు దాన్ని ‘ఎలివేషన్’ అంటారు. మధ్యాహ్నం మూడింటికి ఆ ఎలివేషన్ ఎదుట బండి పెట్టుకున్న పల్లీలావిడ పొయ్యి వెలిగించనక్కర్లేదు. ఏసీల వెనక పెట్టెలు ఊదే వేడి కూడా ఆవిడ మీదికే, ఉచితంగా.

లోపలి చలి ఎక్కడిదంటారా? మణుగూరు గుట్టలు పేల్చి తీసిన బొగ్గుది. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో ఏడో దశ ఒక్కటే 800 మెగావాట్లు. అది చాలక మణుగూరు పక్కన 1080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటు. దేశం సూపర్‌క్రిటికల్ వైపు మళ్ళుతుంటే మనం మాత్రం యూనిట్టుకు ఎక్కువ బొగ్గు మింగే సబ్‌క్రిటికల్ యంత్రాలు నాలుగు తెచ్చి నిలబెట్టాం. బొగ్గు ఇంటిదే కదా, మొహమాటమెందుకు!

రూల్సు లేవా? భేషుగ్గా ఉన్నాయి. గోడ ఎంత వేడి ఆపాలో, అద్దం ఎంత ఎండ రానివ్వాలో, ఏసీ ఎంత కరెంటు తినాలో చెప్పే ఇంధన పొదుపు భవన నియమావళిని పెద్ద వాణిజ్య భవనాలకు 2014లోనే తప్పనిసరి చేశాం. అది ఫైల్లో చల్లగా పడుకుంది. 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. డాబా మీద తెల్ల పూత వేస్తే ఇల్లు చల్లబడుతుందట! వేసవి రాకముందే సున్నం కొట్టించే మా నాయనమ్మకు ఈ సంగతి ఏ కన్సల్టెంటు చెప్పాడో. అదీ ఆరు వందల గజాల లోపు ఇళ్ళకైతే ‘మీ ఇష్టం’. ఖమ్మంలో ఆరు వందల గజాల ఇల్లున్నవాళ్ళు ఎందరో, వాళ్ళందరికీ వందనాలు.

స్టార్ రేటింగున్న ఏసీ ఆన్ చేస్తే 24 దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి కేంద్రం రూలు. మన బొటనవేలు 18 దాకా దిగుతుంది, తర్వాత రగ్గు వెతుకుతుంది.

చర్ల దారిలో కోయగూడెం చూడండి. వెదురు తడికెకు మట్టి మెత్తిన గోడ, నడుము దాకా దిగిన గడ్డి చూరు. తల వంచితేగానీ లోపలికి పోలేం. ఎండకు తల వంచే అలవాటు లేదు, బయటే ఆగిపోతుంది. అది వెనకబాటుతనమని రేకులు కప్పించి, వాటి కింద ఫ్యాను బిగించి, అభివృద్ధి చేశామంటాం.

ఈ పాల్వంచ పరగణాకే తహసీల్దారుగా ఉండి, సర్కారు శిస్తుతో రాముడికి గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను గోల్కొండ చెరసాలలో పెట్టారు. పాపం, ఆ గుడి ఖర్చు ఒక్కసారిది. అద్దాల మేడ నెలనెలా బొగ్గు మేస్తుంది. అయినా దాని ఓనరుకు చెరసాల లేదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టుంది. ఓపెనింగుకు మంత్రిగారొస్తారు, శాలువా కప్పుతారు. ఆయన తియ్యరు. లోపల చలి మరి.