పదికి ఎనిమిది

రాత్రి పదకొండింటికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘అలైక్’ అనే బొమ్మల సినిమా లింకు పెట్టారు. నేనప్పుడు బ్లేడుతో థర్మాకోల్ కోస్తున్నాను. మూడో తరగతి చదువుతున్న మావాడి సృజనాత్మకత ప్రాజెక్టు. వాడు నిద్రపోతున్నాడు. ఇలాంటి పనులు పిల్లలు మేలుకుని ఉండగా కుదరవు, మధ్యలో చేతులు పెట్టి పాడుచేస్తారు.

సినిమా ఎనిమిది నిమిషాలే. స్పెయిన్‌లో డానియెల్ మార్టినెజ్ లారా, రాఫా కానో మెండెజ్ 2015లో తీశారు. 2016లో గోయా అవార్డు కూడా కొట్టింది. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారట. ఫీజు కట్టకుండా సృజన వస్తుందంటే మా గ్రూపులో ఎవరూ నమ్మరు. తండ్రి పేరు కోపి, కొడుకు పేరు పేస్ట్. మాటలు లేవు, ఆ రెండు పేర్లు పెట్టాక ఇంక మాటలెందుకు?

అక్షరాలు దిద్దమన్న కాగితం మీద పేస్ట్, పార్కులో చెట్టు కింద వయొలిన్ వాయించే మనిషి బొమ్మ వేస్తాడు. బళ్లో ఒప్పుకోరు. బుద్ధిగా దిద్దడం నేర్చుకునేకొద్దీ వాడి ఒంటి రంగు వెలిసిపోతుంది. ఆఫీసులో టైపు కొట్టి వెలిసిపోయిన తండ్రికేమో, సాయంత్రం కొడుకు వాటేసుకుంటే రంగు తిరిగొచ్చేది. ఇక ఇచ్చేందుకు వాడి దగ్గరే లేదు.

గ్రూపంతా ఏడుపు బొమ్మలు. ‘ప్రతి తల్లీ తండ్రీ చూడాలి’ అన్నాడు మూడో అంతస్తాయన. రెండు నిమిషాల్లో ఆయనే ‘రెడీమేడ్ థర్మాకోల్ ఇల్లు ఏ షాపులో దొరుకుతుంది? అర్జంటు’ అన్నాడు. ఆ కిందే కలరింగ్ పోటీ నోటీసు: గీత దాటితే మార్కులు కట్.

మన పిల్లల బొమ్మ ఎలాగుంటుందో ఎవర్నడిగినా చెబుతారు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఏరు, గుడిసె, కొబ్బరిచెట్టు. సముద్రం పక్కన పుట్టినవాడూ అవే కొండలు గీస్తాడు. మావాడు ఒకసారి సూర్యుడికి ఊదారంగు వేశాడు. ‘రంగులు గుర్తుపట్టడం లేదు, ఇంట్లో చెప్పించండి’ అని డైరీలో రాసొచ్చింది. చెప్పించాం. ఇప్పుడు గుర్తుపడుతున్నాడు.

ప్రాజెక్టుకి పదికి ఎనిమిదొచ్చాయి. ఆ రెండూ ఎక్కడ పోయాయో కనుక్కురమ్మని మా ఆవిడ నన్ను స్కూలుకి పంపింది. వెళ్లాను. వరండాలో నాలాంటి నాన్నలు చేతుల్లో ఇళ్లతో వరసగా నిలబడి ఉన్నారు.