సీపీయూ నోడు: సటీకా తాత్పర్యము

అవతారిక. కరెంటు తగలగానే మేలుకొనే కెర్నెల్‌కు తన ఒంట్లో ఎన్ని కోర్లున్నాయో, అవి ఏ జాతివో తెలియదు. పీసీల్లో ఈ సంగతి ఫర్మ్‌వేర్ పట్టికలు చెబుతాయి. ఆర్మ్, రిస్క్-ఫైవ్ బోర్డుల్లో ఎక్కువ వాటికి డివైస్ ట్రీ అనే చిన్న గ్రంథం చెబుతుంది. 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణం, అంటే ఓపెన్ ఫర్మ్‌వేర్, దీని పుట్టిల్లు. ఆర్మ్ బోర్డుకో కోడ్ చొప్పున పెరిగిపోతున్న గందరగోళం మీద 2011లో లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కున్న తర్వాత ఆర్మ్ లైనక్స్ కూడా దీన్నే ఆశ్రయించింది. గ్రంథమన్నాక వ్యాఖ్యానం ఉండాలి. స్కీమా ఫైళ్లున్నాయి గదా అంటే, అవి ఈ గ్రంథానికి వ్యాకరణమే తప్ప వ్యాఖ్యానం కావు. కనుక ఈ సాహసం.

మూలము: “సీపీయూ@100, డివైస్-టైప్ సీపీయూ, కంపాటిబుల్ ఆర్మ్, కార్టెక్స్-ఏ72, రెగ్ 100, ఎనేబుల్-మెథడ్ పీఎస్‌సీఐ, కెపాసిటీ-డీమిప్స్-మెగాహెర్ట్జ్ 1024.” రాక్‌చిప్ వారి ఆర్‌కే3399 చిప్ వర్ణనలో అయిదో కోర్‌ను గురించిన వాక్యమిది; ఇలా ఒక్కో భాగాన్ని వర్ణించే వాక్యాన్నే నోడు అంటారు. గడియారాన్ని, నిద్రను చెప్పే పదాలను గ్రంథవిస్తర భీతిచే వదిలాము.

ప్రతిపదార్థము. డివైస్-టైప్ సీపీయూ = సీపీయూ జాతికి చెందినదియు. ఇది పాదపూరణమని కొందరి ఆక్షేపం, కాదనలేము. తక్కిన నోడుల్లో ఈ మాటకు కాలం చెల్లినా, సీపీయూ, మెమరీ నోడుల్లో పూర్వాచారాన్ని మన్నించి ఉంచారు. రెగ్ 100 = నూరు అను చిరునామా కలదియు. సున్నా నుంచి లెక్కిస్తే అయిదో కోర్‌కు 4 రావాలి గదా, నూరెక్కడిదని శంక. ఇది వరుససంఖ్య కాదు. కోర్ తన ఎంపీఐడీఆర్ రిజిస్టర్‌లో మోసుకు తిరిగే చిరునామా, అదీ పదహారు ఆధారంగా రాసినది. చిన్నవైన కార్టెక్స్-ఏ53లు నాలుగు మొదటి గుంపులో 0 నుంచి 3 వరకు ఉంటాయి. పెద్దవైన ఏ72లు రెండు రెండో గుంపు. గుంపు అంకె పై బైట్‌లో కూర్చుంటుంది కనుక అవి 100, 101 అయ్యాయి. లెక్క నేర్చిన లేఖకుడెవడో 100ను దిద్ది 4 అని రాశాడనుకోండి. ఎనేబుల్-మెథడ్ చెప్పిన పీఎస్‌సీఐ పద్ధతిలో కెర్నెల్ వెళ్లి “4ను లేపండి” అని ఫర్మ్‌వేర్‌ను అడుగుతుంది, అలాంటి వారెవరూ లేరని ఫర్మ్‌వేర్ తిప్పి పంపుతుంది, కొన్న కోర్ కొన్నట్టే పడి ఉంటుంది. కావ్యంలో కవి తడబడితే వ్యాఖ్యాత లక్షణ చూపించి, ధ్వని చూపించి గట్టెక్కిస్తాడు. కెర్నెల్ అభిధ తప్ప మరొకటి ఎరగని పాఠకుడు. కెపాసిటీ మాట చూడండి: ఒక్కో మెగాహెర్ట్జ్‌కు ఏ కోర్ ఎంత పని చేస్తుందో పోల్చి చెప్పే కొలత, ఏ72కు 1024, ఏ53కు 485. ఆరు నోడుల్లో ఒక్కదానిలో ఈ పదం మరిచినా కెర్నెల్ మిగిలిన అయిదింటినీ నమ్మదు, ఈ లెక్కలో అన్ని కోర్లనూ సమానమనేస్తుంది.

ఇక కంపాటిబుల్. వాక్యానికి ప్రాణం ఇదే, వివాదమంతా ఇక్కడే. అనేక ప్రతుల్లో “ఆర్మ్, కార్టెక్స్-ఏ72” వెంట “ఆర్మ్, ఆర్మ్‌వీ8” అని మరో పేరు కనబడేది. ఇది వరుడి పేరడిగితే గోత్రం చెప్పినట్టు. ఆర్మ్‌వీ8 ఆదేశాల సంప్రదాయమే గాని కోర్ కాదు. సాఫ్ట్‌వేర్ నమూనాలకు మాత్రమే ఆ పేరు తగునని శాస్త్రం. 2019లో లైనక్స్ ప్రతులను పరిష్కరించి దీన్ని ప్రక్షిప్తమని తొలగించారు. కొన్ని బోర్డుల్లో ఉండి కొన్నింట లేకపోవడం, ఉన్నచోట కూడా ఒరిగిందేమీ లేకపోవడం అందుకు చూపిన హేతువులు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు, వాదం బలమైనదే. ఒరిగింది లేదని గోత్రాన్ని తీసేస్తే పేరుకు మాత్రం ఏమి ఒరిగింది? 64 బిట్ల ఆర్మ్ కెర్నెల్ కోర్‌ను గుర్తించడానికి ఈ గ్రంథం చూడదు. కోర్‌లోనే ఉన్న ఎంఐడీఆర్ రిజిస్టర్‌ను చదువుతుంది. అందులో డీ03 అని ఉంటే ఏ53, డీ08 అని ఉంటే ఏ72. ఏ53లో 843419 సంఖ్యతో పేరుమోసిన దోషాన్ని కనిపెట్టేదీ ఆ రిజిస్టర్ ద్వారానే. అలాంటప్పుడు నోడులో పేరు అలంకారమే గదా? సమాధానం: ఆ రిజిస్టర్‌ను ఆ కోరే మేలుకొని చదువుకోవాలి. గ్రంథపఠనం జరిగేది మొదటి కోర్ ఒక్కటే మెలకువగా ఉండి, తక్కినవి నిద్రలో ఉన్న వేళ. అప్పుడు వాటి పేరు చెప్పేది ఈ వాక్యమొక్కటే. పైగా పాఠకుడు కెర్నెల్ ఒక్కడే కాడు. బూట్‌లోడర్ చదువుతుంది, ఫ్రీబీఎస్‌డీ చదువుతుంది, తప్పులు పట్టే పరికరాలు చదువుతాయి, బోర్డు చేతికొచ్చిన మనిషి చదువుతాడు. వీటన్నిటికంటే ముఖ్యం: నేటి కెర్నెల్ చూసే పదాలనే ఉంచి తక్కినవి కొట్టేస్తే గ్రంథం వర్ణించేది చిప్‌ను కాదు, కెర్నెల్‌ను. కెర్నెల్ రెండు మూడు నెలలకోసారి మారుతుంది. బోర్డు ఫ్లాష్‌లో కూర్చున్న ప్రతి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఉన్నదున్నట్టు రాసినా కాలం అర్థాన్ని మార్చేస్తే? ఈ రెండో ఆక్షేపానికి రిస్క్-ఫైవ్ గ్రంథాలే సాక్ష్యం. అక్కడ కోర్ శక్తులన్నిటినీ “రిస్క్‌వీ-ఐఎస్ఏ” అనే ఒకే సమాసంలో గుదిగుచ్చేవారు: ఆర్‌వీ64ఐఎంఏఎఫ్‌డీసీ. ఆ సమాసం పుట్టిన నాటికి “ఐ” అన్న అక్షరంలోనే జిక్‌సీఎస్‌ఆర్, జిఫెన్స్ఐ అనే ఆదేశాల గుంపులు ఇమిడి ఉండేవి. తర్వాత శాస్త్రకారులు వాటిని వేరు చేశారు. అక్షరం అదే, అర్థం కుంచించుకుపోయింది. “వీ” కథ మరీ విచిత్రం. వెక్టర్ శాస్త్రం 1.0గా 2021లో ఖాయమైంది. అంతకుముందే టీ-హెడ్ సంస్థ కోర్లు 0.7.1 ముసాయిదాను నమ్మి సిలికాన్‌లోకి దిగిపోయాయి. ఆ రెండింటికీ పొసగదు, అయినా ఆ కోర్లున్న బోర్డుల వర్ణనల్లో చాలామంది “వీ” అని రాసేశారు. చివరికి కెర్నెల్‌లో ఒక ప్రత్యేక నిబంధన పెట్టవలసి వచ్చింది: కోర్ టీ-హెడ్‌దై, దాని ఆర్కిటెక్చర్ సంఖ్య సున్నా అయితే గ్రంథంలో “వీ” అని ఉన్నా నమ్మకు. అభిధ తప్ప ఎరగని పాఠకుడికి అనుమానించడం నేర్పారన్నమాట! దీనివల్ల ఖచ్చితత్వం వ్యర్థమని తేలదు. పొట్టి సమాసం ఖచ్చితత్వం కాదని తేలుతుంది. 2023లో ఆ సమాసాన్ని వదలదగినదని ప్రకటించి, మూలాదేశాలకు ఒక ప్రాపర్టీ, విస్తరణలకు మరొకటి పెట్టారు. ఒక్కో విస్తరణ పేరు ఏ నాటి శాస్త్రప్రతిని సూచిస్తుందో నిర్వచించి కట్టేశారు. విగ్రహవాక్యం పొడుగైంది, సందేహం పోయింది.

ప్రతి కొత్త కోర్‌కూ పేరు చేర్చి, ఆమోదం కోసం ఎదురుచూడటం శ్రమ అనే మూడో ఆక్షేపం ఉంది. శ్రమే. స్కీమాలో ఒక పంక్తి చేర్చే శ్రమ.

చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: వాడని కోర్‌ను వర్ణించడం ఎందుకు? 2018లో వచ్చిన హైఫైవ్ అన్లీష్డ్ బోర్డులోని సైఫైవ్ ఎఫ్‌యూ540 చిప్‌లో అయిదు కోర్లు. నాలుగు యూ54లు లైనక్స్‌ను నడుపుతాయి. సున్నా సంఖ్య గల ఈ51కు మెమరీ చిరునామాలను అనువదించే ఎంఎంయూ లేదు, లైనక్స్ దానిమీద నడవదు. గ్రంథంలో దానికి “స్టేటస్ డిసేబుల్డ్” అని రాసి ఉంటుంది. మితభాషి అయిన సంపాదకుడు ఆ నోడును తీసేయబోతాడు. ఆగాలి. అదే గ్రంథంలో ఇంటరప్ట్‌లను పంచే పీఎల్ఐసీ నోడుంది. అది గ్రహీతలను పేరుతో కాదు, వరుసలోని స్థానంతో గుర్తిస్తుంది. ఈ51లో ఇంటరప్ట్‌లు అందుకునేది ఫర్మ్‌వేర్ నడిచే ఎం-మోడ్ ఒక్కటే కనుక ఒక స్థానం, యూ54లకు ఆ ఎం-మోడ్‌కు, కెర్నెల్ నడిచే ఎస్-మోడ్‌కు కలిపి రెండేసి, మొత్తం తొమ్మిది. ఈ51ను, దాని స్థానాన్ని కొట్టేస్తే మిగిలినవన్నీ ఒక్కో మెట్టు ముందుకు జరుగుతాయి. లైనక్స్ తనదనుకొని తెరిచే ఎస్-మోడ్ స్థానంలో అప్పుడు అదే కోర్ ఎం-మోడ్ కూర్చుని ఉంటుంది, నెట్‌వర్క్ ఇంటరప్ట్ అక్కడికే పోతుంది. అందుకే పరిష్కర్తలు ఆ వరుసలో మొదటి గడిని ఖాళీ చేయలేదు, ఈ51 పేరు పక్కన అన్నీ ఎఫ్‌లైన ఎనిమిదంకెల సంఖ్య రాసి ఉంచారు: ఇక్కడొకరున్నారు, వారికి మనం ఏమీ పంపము అని దానికి అన్వయము.