డాలరుకో దివాణం, షరతులు వర్తిస్తాయి

జార్జియా రాష్ట్రంలోని సవానా నగరపెద్దలు 1954లో ఒక ఘనకార్యం చేశారు. ఊరి నడిబొడ్డున ఎల్లిస్ స్క్వేర్‌లో ఉన్న పాత సిటీ మార్కెట్‌ను నేలమట్టం చేసి, ఆ జాగాలో కార్లకు అంతస్తుల మేడ కట్టించారు. ఆ దుమ్ము సర్దుమణగకముందే, 1820లో కట్టిన డేవెన్‌పోర్ట్ ఇంటికి మూడింది. దాన్ని పడగొట్టి పార్కింగ్ చేసుకోవాలని ముచ్చటపడింది ఒక ఫ్యూనరల్ హోమ్. పోయినవారిని సాగనంపడానికి వచ్చినవారు కార్లెక్కడ పెట్టుకోవాలి మరి!

ఏడుగురు మహిళలు అడ్డుపడ్డారు. అమెరికాలో పనికొచ్చే ఆయుధం వినతిపత్రం కాదు, చెక్కుబుక్కు అని వాళ్లు గ్రహించారు. 1955లో 22,500 డాలర్లు పోగేసి ఆ ఇల్లు కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా మొదలైంది. తర్వాత అదే సంస్థ తరఫున లీ ఆడ్లర్ అనే ఆసామి మార్షల్ రో అనే ఇళ్ల వరస కోసం బేరానికి దిగాడు. అప్పటికి ఆ ఇళ్లకన్నా వాటి గోడల్లోని ఇటుకలకే గిరాకీ. ‘సవానా గ్రే’ అనే ఆ పాత ఇటుకల్ని ఊడబెరికి, శివార్లలో కట్టుకునే కొత్త ఇళ్లకు పాతకళ తెప్పించుకునేవారు. జనానికి పాత ఇల్లు వద్దు, పాత ఇంటిలా కనిపించే కొత్త ఇల్లు కావాలి. మొత్తానికి ఇళ్లు నిలిచాయి. ఒకదాంట్లోకి ఆ ఊళ్లోనే పుట్టిన కవి కాన్రాడ్ ఐకెన్ వచ్చి చేరాడు.

కార్ల మేడ సంగతి కూడా చెప్పాలి. యాభై ఏళ్ల లీజు తీరాక దాన్నీ పడగొట్టారు. కార్లను భూగర్భంలోకి దింపి, 2010లో ఎల్లిస్ స్క్వేర్‌ను మళ్లీ తెరిచారు. మార్కెట్ మాత్రం తిరిగి రాలేదు.

చరిత్రను రొక్కమిచ్చి కొనుక్కోవలసిరావడం ఆ దేశానికి కొత్తేమీ కాదు. సాక్షాత్తూ తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఉన్న మౌంట్ వెర్నన్ ఇంటికే ఆ గతి పట్టింది. 1850ల నాటికి ఆ ఇంటి వరండా పైకప్పు కూలిపోకుండా పాత ఓడల తెరచాప కొయ్యలు ఊతగా పెట్టి నిలబెట్టారు. అమ్మేస్తానని వారసుడు అడిగితే కేంద్రమూ వద్దంది, వర్జీనియా రాష్ట్రమూ వద్దంది. చివరికి సౌత్ కెరొలైనాకు చెందిన ఆన్ పమేలా కనింగ్‌హామ్ 1853లో ఆడవాళ్ల సంఘం పెట్టి, దేశమంతా చందాలు దండి, 1858లో రెండు లక్షల డాలర్లకు బేరం కుదుర్చుకుంది. ఆ పెద్దమనిషి ఇల్లు అక్కర్లేదన్న ప్రభుత్వమే కొన్నేళ్లకు ఆయన బొమ్మను డాలరు నోటు మీద అచ్చువేసింది. నోటుకి కప్పు కారదు కదా.

న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా స్టేషన్‌కు అలాంటి ఆడపడుచులు దొరకలేదు. 1910లో తెరుచుకున్న ఆ పాలరాతి, గ్రానైటు రైల్వేస్టేషన్‌ను 1963లో పడగొట్టడం మొదలెట్టి, నెత్తిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే క్రీడాప్రాంగణం కట్టారు. ప్రయాణికులు నేలమాళిగలోకి దిగిపోయారు. అర్ధశతాబ్దం దాటాక న్యూయార్క్ రాష్ట్రానికి జ్ఞానోదయమై, వీధికి అవతల ఉన్న పాత పోస్టాఫీసు భవనంలో 160 కోట్ల డాలర్ల ఖర్చుతో 2021 జనవరి 1న కొత్త రైలు హాలు తెరిచింది. ఆ పోస్టాఫీసును గీసింది కూడా పెన్ స్టేషన్‌ను గీసిన మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థే. ఉన్న స్టేషన్‌ను కూల్చుకుని పోస్టాఫీసులో రైలెక్కడాన్ని అక్కడ పట్టణ ప్రణాళిక అంటారు.

ఆ కూల్చివేత మీద రేగిన గగ్గోలు నుంచే 1965లో న్యూయార్క్ నగర చట్టం, 1966లో జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం వచ్చాయి. రెండో దానితో ‘నేషనల్ రిజిస్టర్’ అనే పద్దు ఏర్పడింది. పద్దులో పేరెక్కితే ఇంటికి గండం గడిచిందనుకుంటే పొరపాటే. సొంత ఆస్తి, సొంత డబ్బు, స్థానికంగా వేరే ఆంక్షలేవీ లేవు అనుకుంటే, యజమాని ఆ పద్దులోని ఇంటిని శుభ్రంగా పడగొట్టుకోవచ్చు. గోడకి బిగించిన కంచు ఫలకాన్ని మాత్రం ముందుగా విప్పుకుంటే జ్ఞాపకంగా ఉంటుంది.

కాబట్టి చరిత్ర ప్రేమికులు పెళ్లిళ్ల పేరయ్యలయ్యారు. 1939 నుంచి మూలాలున్న ‘ప్రిజర్వేషన్ నార్త్ కెరొలైనా’ ఇందులో ఆరితేరింది. ఆపదలో ఉన్న ఇంటిని సంపాదించడం, దానికి సంబంధాలు చూడటం, కుదిరాక దస్తావేజులో షరతులు రాయించి అప్పగించడం, వచ్చిన సొమ్ముతో ఇంకో ఇంటి కోసం బయల్దేరడం. పడగొట్టరాదు, ఇష్టమొచ్చినట్టు రూపు మార్చరాదు అనే ఆ షరతులు కొన్నవాడితో పోవు, వాడి దగ్గర కొన్నవాడికీ చుట్టుకుంటాయి. మధ్యవర్తులన్నాక వర్ణనలు తప్పవు. ‘ఎముకపుష్టి ఉంది’ అంటే కండ ఏమీ మిగల్లేదని. ‘సహజమైన వెలుతురు’ ఎక్కువగా వస్తోందంటే కప్పు వైపు చూడాలి. ‘ఓపికగల కొనుగోలుదారుకు సువర్ణావకాశం’ అన్నచోట ఓపిక అనే మాటను బ్యాంకు బ్యాలెన్సుగా చదువుకోవాలి.

కొన్ని సంబంధాలకు సంవత్సరాలు పడతాయి. గాస్టోనియాలోని లోరే నూలు మిల్లు 1929 సమ్మెతో దేశమంతటా పేరు మోగిన చోటు. తర్వాత అది ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీ చేతికి వచ్చి, 1993లో మూతపడింది. 1998లో కంపెనీ దాన్ని ఈ సంస్థకు దానమిచ్చింది. ఏనుగును దానం పట్టినవాడి కష్టం అప్పుడు మొదలైంది. సుమారు ఆరు లక్షల చదరపు అడుగుల ఆ మిల్లుకు పెట్టుబడి కుదిరి, అపార్టుమెంట్లుగా మారి, జనం కాపురానికి వచ్చేసరికి మరో పదిహేనేళ్లు దాటిపోయాయి. కూలి పెంచమని ఒకప్పుడు కార్మికులు సమ్మె కట్టిన గోడల మధ్య ఇప్పుడు అద్దె పెంచారని గొణిగేవాళ్లు ఉంటున్నారు.

ఇక డాలరు ఇళ్ల కథ. బాల్టిమోర్ నగరం 1970లలో ఖాళీ పడిన ఇళ్లను ఒక్క డాలరుకి ఇచ్చింది. ఆటర్‌బీన్ పేటలోనే వందకు పైగా ఇళ్లు అలా పోయాయి. షరతు ఒక్కటే, బాగుచేసుకుని అందులోనే ఉండాలి. ఆ ‘బాగుచేసుకుని’ అన్న మాటకే అసలు ఖరీదు. అయినా జనం అప్పుచేసి, సుత్తి పట్టి, ఆ పేటను నిలబెట్టారు. ఇంతకన్నా చవక బేరాలూ ఉన్నాయి. ఇల్లు పూర్తిగా ఉచితం, స్థలం మాత్రం ఇవ్వం, ఎత్తుకుపొండి అంటారు. అమెరికాలో కొయ్య ఇళ్లను నిజంగానే లారీల మీద ఎత్తుకుపోతారు కూడా.

ఇండియానాలోని వెస్ట్ బాడెన్ స్ప్రింగ్స్ హోటల్‌ది మరో తరహా జాతకం. 1902లో లేచిన దాని గుమ్మటం 200 అడుగుల వెడల్పు. 1929లో షేర్ల మార్కెట్ కూలి అతిథులు మాయమయ్యారు. 1934లో యజమాని దాన్ని జెసూట్ క్రైస్తవ సన్యాసులకు ఒక్క డాలరుకి ఇచ్చేశాడు. ఆ తర్వాత కాలేజీ అయింది, ఆ తర్వాత ఏమీ కాలేదు, 1991లో ఒకపక్క గోడ కూలింది. ఇండియానా ల్యాండ్‌మార్క్స్ సంస్థ 1996లో కొంది. వైద్య పరికరాల వ్యాపారంలో శ్రీమంతుడైన బిల్ కుక్ బాగుచేతకు డబ్బు కుమ్మరించాడు. అయినా హోటల్‌గా నడవాలంటే గిట్టుబాటు కావాలిగా? పక్కనే ఫ్రెంచ్ లిక్‌లో కసీనోకి రాష్ట్రం అనుమతిచ్చింది. 2006లో జూదశాల తెరుచుకుంది, 2007లో గుమ్మటం కింద దీపాలు వెలిగాయి. సన్యాసులు వదిలేసిన భవనాన్ని జూదరులు ఉద్ధరించారన్నమాట.

వ్యాపారులను ఆకర్షించే ఎర ఇంకొకటి ఉంది. అద్దెకో, హోటల్‌కో, ఆఫీసుకో, ఏదో ఒక రాబడికి పనికొచ్చే చారిత్రక కట్టడాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులో తగ్గుతుంది. సొంతంగా కాపురముండేవాడికి ఇది వర్తించదు, పాత ఇంటిని ప్రేమించి అందులోనే ఉండేవాడికి ప్రేమే ప్రతిఫలం. పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చేది నేషనల్ పార్క్ సర్వీస్. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లను చూసుకునే శాఖే మీ కిటికీ చట్రాలనూ చూస్తుంది. బాగుచేయగలిగిన పాత కిటికీని పీకేసి ప్లాస్టిక్‌ది బిగించారో, ఎలుగుబంటి నయమనిపిస్తుంది.

డెట్రాయిట్ ముచ్చట వింటే విధికి హాస్యప్రియత్వం ఉందని ఒప్పుకోవాలి. 1913లో తెరిచిన మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ను ట్రాముల్లో వచ్చే జనాన్ని నమ్ముకుని నగర కేంద్రానికి దూరంగా కట్టారు. జనం కార్లెక్కారు, ట్రాములు పోయాయి, 1988లో ఆఖరి రైలూ పోయింది. 2009లో నగర కౌన్సిల్ కూల్చెయ్యమని తీర్మానించింది. 2018లో దాన్ని కొన్నదెవరు? ఫోర్డ్! జనాన్ని కార్లెక్కించిన ఘనులే వచ్చి స్టేషన్‌ను రక్షించారు. ఫోర్డ్ చేతికొచ్చాక, ఎన్నడో దాని గడియారాన్ని ఎత్తుకుపోయిన మనిషి, పేరు చెప్పకుండా, ఫలానా కాలిపోయిన భవనం పక్కన పెట్టాను తీసుకోండని కబురుపెట్టాడు. 2024 జూన్‌లో స్టేషన్ మళ్లీ తెరుచుకుంది. రైళ్లు మాత్రం ఇంకా ఆగడం లేదు.

కొత్త ఉపయోగాల విషయంలో అమెరికావాడికి మొహమాటం లేదు. బాస్టన్‌లో 1851 నాటి చార్ల్స్ స్ట్రీట్ జైలు మనుషులుండటానికి పనికిరాదని, ఖైదీలను అక్కడ ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని 1973లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. 2007 నుంచి అది లిబర్టీ హోటల్. ఖైదీలను ఉంచరాదన్న చోట జనం వందల డాలర్లిచ్చి ఇష్టపూర్వకంగా పడుకుంటున్నారు. పిట్స్‌బర్గ్‌లో 1993లో మూతపడిన సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి 1996లో బీరు తయారీశాలగా తెరుచుకుంది. పూజావేదిక ఉండే చోట బీరు కాచే గుండిగలు నిలబెట్టారు. అదే ఊరి శివారు పెన్ హిల్స్‌లో 1970ల నుంచి వేంకటేశ్వరస్వామి కొలువున్నాడు. తెలుగు భక్తులు పులిహోర ప్రసాదం పుచ్చుకుని తిరిగివస్తూ ఆ బీరుశాలను చూసి లెంపలేసుకోవడమో, లోపలికి తొంగిచూడటమో వారి వారి నిష్ఠను బట్టి ఉంటుంది.

హైదరాబాద్‌లో కూడా ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటల్‌గా తలుపులు తెరిచింది. ఇర్రమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌కు మాత్రం కొనేవాడి అవసరం లేకపోయింది, యజమాని ప్రభుత్వమే. అదే ప్రభుత్వం 2019 జూన్‌లో, దాన్ని పడగొట్టి అక్కడ కట్టాలనుకున్న కొత్త అసెంబ్లీకి శంకుస్థాపన చేసింది. సెప్టెంబరులో హైకోర్టు కుదరదంది. పేరయ్య లేనిచోట జడ్జిగారు.

సంబంధాలు చూసే ఈ అమెరికా సంస్థలు ఇంతవరకు సరిగ్గా కన్నెయ్యనిది తెలుగు ప్రవాసుల మీద. ఇళ్లు కొనడంలో వాళ్ల ఉత్సాహానికి లోటులేదు. కానీ ఎవరూ ఉండి వెళ్లని సరికొత్త ఇల్లు కావాలి. తూర్పు ముఖం కావాలి, దానికోసం నాలుగు డబ్బులెక్కువైనా సరే. గ్యారేజీలో మూడు కార్లు పట్టాలి. 1820లో కట్టింది అని చెప్పగానే వాళ్లడిగే మొదటి ప్రశ్న, అందులో ఎవరైనా పోయారా అని. రెండు వందల ఏళ్లలో పోకుండా ఎవరుంటారు?

అలాంటి శంకలున్నవారికి లైట్‌హౌసులు నచ్చవచ్చు. జీపీఎస్ వచ్చాక వాటితో పని తగ్గి, 2000 నాటి చట్టం కింద ప్రభుత్వం వదిలించుకుంటోంది. ముందు స్వచ్ఛంద సంస్థలకు, స్థానిక ప్రభుత్వాలకు ఉచితంగా ఇస్తానంటుంది. ఎవరూ రాకపోతే వేలం. బాస్టన్ దగ్గర సముద్రంలో బండల మీద, 1905లో వెలిగిన గ్రేవ్స్ దీపస్తంభం 2013లో 9,33,888 డాలర్లు పలికింది. చుట్టుపక్కల ఇళ్లు లేవు, ఈశాన్యంలో కావలసినంత నీళ్లున్నాయి. పోతే అది గుండ్రటి కట్టడం. దానికి ఈశాన్యం మూల ఎక్కడో చూపించగల సిద్ధాంతిని పడవలో తీసుకెళ్లాలి.