శని, ఆదివారాల దర్శకుడు

సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను టెస్టింగ్ టీములో ఇంజనీరు. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూత పడగానే తెలుగు సినిమా భవిష్యత్తు. హైటెక్ సిటీలో ఏ ఫుడ్ కోర్టుకి వెళ్లినా ఇతనొకడు కనిపిస్తాడు. మెడలో కంపెనీ ట్యాగు వేలాడుతుంటుంది. బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చట్రం కట్టి, అందులోంచి దోశల క్యూని ఒక కన్నుతో చూస్తుంటాడు. ఏమిటిదని అడిగితే, "ఫ్రేమ్ పెడుతున్నా బ్రో" అంటాడు. వెనక ఉన్నవాళ్లు ముందు టోకెన్ తీసుకొమ్మంటారు.

ఊరు తణుకు కావచ్చు, తొర్రూరు కావచ్చు. నివాసం మాత్రం కొండాపూర్ హాస్టల్లో త్రీ షేరింగ్ రూము. మిగతా ఇద్దరికీ ఇతని కథ ఇంటర్వెల్ దాకా కంఠతా వచ్చు. ఆ తర్వాతది రాదు, ఎందుకంటే ఇతనూ రాయలేదు. "సెకండాఫ్ మైండ్‌లో లాక్ అయింది" అంటాడు. తాళం చెవి ఎక్కడుందో ఎవరూ అడగరు. అడిగితే ఫస్టాఫ్ మళ్లీ మొదటినుంచి వినాల్సి వస్తుందని భయం.

మనవాడికి పురాణపురుషులు ముగ్గురు. సీబీఐటీలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని వచ్చి 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీసిన శేఖర్ కమ్ముల మొదటివాడు. షార్ట్ ఫిల్ములు తీసి, 2016లో 'పెళ్లి చూపులు'తో జాతీయ అవార్డు దాకా వెళ్లిన తరుణ్ భాస్కర్ రెండోవాడు. నాగ్ అశ్విన్ మూడోవాడు. ఈ మూడో కథలోనే మనవాడి జబ్బు బయటపడుతుంది. నాగ్ అశ్విన్ 'లీడర్'కీ, 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'కీ కమ్ముల దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడు. 'లీడర్' వచ్చింది 2010లో. సొంత సినిమా 'ఎవడే సుబ్రమణ్యం' వచ్చింది 2015లో. మధ్యలో ఉన్న ఆ అయిదేళ్లని మనవాడు ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చూస్తాడు. గెలిచినవాళ్ల కథలన్నీ ఇతనికి ట్రైలర్ నిడివిలోనే తెలుసు.

అలాగని ప్రయత్నం చేయడనుకోకండి. ఒక శనివారం హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి ఆరో స్టేషన్ యూసుఫ్‌గూడలో దిగాడు. దుర్గం చెరువు, మాదాపూర్, పెద్దమ్మ గుడి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, రోడ్ నెంబర్ 5 దాటితే చాలు, దేశం మారిపోతుంది. ఇటువైపు అందరికీ జీతం తేదీ తెలుసు, చేసే పనేమిటో అమ్మకి చెప్పడం కష్టం. అటువైపు అందరికీ చేసే పనేమిటో తెలుసు, జీతం తేదీ మాత్రం నిర్మాతకి కూడా తెలియదు. అక్కడి కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర నిలబడితే సినిమా ఇరవై నాలుగు క్రాఫ్టుల వాళ్లూ అరగంటలో కనిపిస్తారు. వాళ్లలో కథ లేనివాడు ఒక్కడుండడు, టీ పోసే అతనితో సహా.

మనవాడు అక్కడికి రెజ్యూమే పట్టుకెళ్లాడు. రంగుల్లో ప్రింటు, స్పైరల్ బైండింగు. 'నైపుణ్యాలు' అన్నచోట జావా, సెలీనియం, స్క్రీన్‌ప్లే అని వరసగా ఉన్నాయి. తెలిసినవాళ్ల తెలిసినవాళ్ల ద్వారా దొరికిన ఒక కో-డైరెక్టర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

"ఓపెనింగ్స్ ఎప్పుడుంటాయి సార్?"

"ఓపెనింగా? అన్నపూర్ణల మొన్ననే ఒకటైంది తమ్మీ. కొబ్బరికాయ గూడ కొట్టిన్రు."

"అది కాదు సార్, వేకెన్సీ."

"ఓ, అదా! టచ్‌ల ఉండు."

ఈ 'టచ్‌ల ఉండు'ని మనవాడు ఆఫర్ లెటర్ అనుకున్నాడు. హాస్టల్లో ఆ రాత్రి బిర్యానీ పార్టీ ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి పండక్కీ కో-డైరెక్టర్ గారికి వాట్సాప్‌లో శుభాకాంక్షలు వెళ్తుండేవి. రెండు నీలం టిక్కులు పడితే ప్రాజెక్టు ముందుకెళ్తున్నట్టే.

ఈలోగా చేతినిండా పనే. కాకపోతే సినిమా పని కాదు. ఆఫీసు వార్షికోత్సవానికి వీడియో తీశాడు. వీపీ గారు లిఫ్టులోంచి స్లో మోషన్‌లో దిగే షాటుకి ఏడు టేకులు తీసుకున్నాడు. సహోద్యోగి ప్రీ-వెడ్డింగ్ షూటుకి కేబుల్ బ్రిడ్జి మీదికి వెళ్తే, అప్పటికే అక్కడ నాలుగు జంటలు, నలుగురు దర్శకులు, ఒక ట్రాఫిక్ కానిస్టేబులు ఉన్నారు. చేతికి డబ్బొచ్చిన మొదటి పని మాత్రం తెల్లాపూర్ వైపు ఒక అపార్టుమెంటు వెంచరు ప్రచార వీడియో. మనవాడు దానికి మనిషి ఏకాంతం మీద ఆరు నిమిషాల స్క్రిప్టు రాశాడు. బిల్డర్ గారు ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు: "ఇందులో క్లబ్ హౌస్ ఎక్కడొస్తది?" చివరికి నలభై సెకన్ల డ్రోన్ షాటు, దాని మీద చదరపు అడుగు ధర. తొలి చిత్రం ఏదని ఎవరన్నా అడిగితే మాట మార్చేస్తాడు.

ఒకరోజు తెల్లవారుజామున కో-డైరెక్టర్ గారి ఫోనొచ్చింది. మణికొండలో యాడ్ షూటింగు, ఉన్న అసిస్టెంటుకి జ్వరం. "కొండాపూరే గదా నువ్వుండేది? బండున్నదా?" ఇంటర్వ్యూ అంతే. రెజ్యూమేలో రాయనిదల్లా ఆ ఒక్క బండే.

వెళ్లగానే చేతికి క్లాప్ బోర్డు ఇచ్చారు. క్లాప్ అంటే చెక్కలు టపీమనిపించడమే అనుకుంటాం. బోర్డు మీద సీను, షాటు, టేకు నెంబర్లు తప్పులేకుండా రాయాలి. కెమెరా ఫోకస్‌కి అందేచోట నిటారుగా పట్టుకుని గట్టిగా చదవాలి. ఒక్కసారే కొట్టి, అలికిడి లేకుండా ఫ్రేములోంచి మాయమవ్వాలి. ఎడిటింగ్ రూములో బొమ్మకీ శబ్దానికీ ముడివేసేది ఆ చప్పుడే. మనవాడు అన్నీ చక్కగా చేశాడు, మాయమవ్వడం తప్ప. కొట్టి అక్కడే నిలబడి హీరోయిన్ వంక చూస్తూ ఉండిపోయాడు. "ఎవడ్రా ఆ గళ్ల చొక్కా?" అని మానిటర్ వెనకనుంచి కేక వినబడింది. సినిమా రంగం మనవాణ్ణి గుర్తించడం అదే మొదలు.

క్లాప్ లాక్కుని కంటిన్యుటీ పుస్తకం చేతిలో పెట్టారు. చిత్రమేమిటంటే, ఇక్కడ మనవాడు చెలరేగిపోయాడు. పొద్దున్న షాటులో నటుడి చొక్కా ఎడమ చెయ్యి రెండు మడతలుంది, ఇప్పుడు మూడున్నాయి. టీ గ్లాసు సగానికుండాలి, నిండుగా ఉంది. గోడ గడియారం పదీ పది చూపించాలి, భోజనాల వేళ చూపిస్తోంది. మూడేళ్లుగా ఏ ఉద్యోగాన్నయితే "నా క్రియేటివిటీని చంపేస్తోంది బ్రో" అని తిట్టుకున్నాడో, ఆ ఉద్యోగం నేర్పిన కన్నే ఇవన్నీ పట్టేసింది. డైరెక్టర్ గారు కో-డైరెక్టర్ వంక చూసి తలాడించాడు. కథ చెప్పే అవకాశం రాలేదు. వచ్చినా ఇంటర్వెల్ దాకే కదా.

సాయంత్రం పేకప్ అయ్యాక బేటా కవరు చేతికొచ్చింది. దాన్ని విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టాడు. నిజంగానే సంబరపడ్డాడు, దాన్ని మనం ఎగతాళి చేయకూడదు. ఊళ్లో నాన్న తీసిన చదువు అప్పుకి ప్రతి నెలా అయిదో తారీఖున వాయిదా కట్టేది ఈ కుర్రాడే. మొదటి సినిమాకి జీతం ఊసెత్తకు, భోజనానికి మాత్రం లోటుండదని సెట్లో తోటి అసిస్టెంట్లు అప్పటికే చెప్పి ఉన్నారు. బ్యాంకువాళ్లు భోజనంలో వాయిదా తీసుకోరు.

వారం తిరక్కుండానే మళ్లీ ఫోను.

"తమ్మీ, సోమవారం నుంచి రాజమండ్రిల నలభై రోజుల షెడ్యూల్. డైరెక్టర్ గారు నిన్నే అడిగిన్రు. అప్రెంటిస్‌గ వస్తవా?"

మనవాడు లీవ్ పోర్టల్ తెరిచాడు. ఉన్నవి పదకొండు. జీతం లేని సెలవు పెడితే ఏమవుతుందో లెక్కేశాడు, నాన్న మొహం తలుచుకున్నాడు, మేనేజరు మొహం తలుచుకున్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"తప్పకుండా వస్తా సార్. ఏప్రిల్‌లో అప్రైజల్ ఉంది, అది అయ్యాక జాయినవుతా. ఫర్వాలేదు కదా?"

"ఫర్వాలే తమ్మీ. అప్పటికి సినిమా ఓటీటీల వస్తది. రూముల పండుకోని చూడు."