సీరం క్రియాటినిన్ గారికి అక్కుపల్లి విన్నపం

మహారాజశ్రీ సీరం క్రియాటినిన్ గారి సముఖానికి, అక్కుపల్లి గ్రామస్తులు రాసుకునే అర్జీ.

అయ్యా, కిడ్నీ జబ్బులు ముసిరిన ఈ శ్రీకాకుళం ఉద్దానంలో తహసీల్దారు సంతకం కంటే, రక్తపరీక్ష చీటీ మీద కనబడే తమరి అంకెకే విలువ ఎక్కువ. పింఛను ఇప్పించేది తమరు, డయాలసిస్‌కి పంపేది తమరు. పిల్లను చూడ్డానికొచ్చినవాళ్లు జీడితోట ఎన్నెకరాలని అడిగాక, గొంతు తగ్గించి తమరి సంగతే అడుగుతారు. అందుకే కలెక్టరు గారిని వదిలి నేరుగా తమరికే మొర పెట్టుకుంటున్నాం.

తమరు చాలా ఆలస్యంగా నోరు విప్పుతారు. కిడ్నీల పని సగం దాకా పోయినా చాలామందిలో తమరు గీత దాటరు. పైగా తమరు పుట్టేది కండలోంచి. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఎండిపోయిన డెబ్బై ఏళ్ల ముసలమ్మకీ, పాతికేళ్ల కుర్రాడికీ ఒకటే 1.1 చూపిస్తారు. ల్యాబువాళ్లు ఇద్దరికీ ‘నార్మల్’ అనేస్తారు. వయసు, ఆడామగా కలిపి లెక్కగడితే కుర్రాడి జీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం, 95 దాకా ఉంటుంది, ముసలమ్మది 54 దగ్గర. 60కి దిగువన మూడు నెలలు ఉంటే అది జబ్బే. ఆ లెక్కకు కొత్త మిషనూ అక్కర్లేదు, రెండో చుక్క రక్తమూ అక్కర్లేదు. అయినా చీటీ మీద ఆ రెండో అంకె కనబడదు.

ఇక అసలు గోడు. మా చుట్టుపక్కల ఒక వైద్యం గది ఉంది, పేరు చెప్పం. పొద్దంతా వంగి పనిచేసినవాళ్లు సాయంత్రం అక్కడ బల్ల మీద వరసగా కూర్చుంటారు. ‘‘ఒళ్లు నొప్పులు బాబూ, ఓ సూదేసీ’’ అంటారు. అడిగిందే తడవు డైక్లోఫెనాక్ ఎక్కుతుంది, నాలుగు మాత్రలు కాగితంలో పొట్లం అవుతాయి. కాళ్లు వాచాయా, ఒంటేలు సరిగ్గా వస్తోందా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా అని అడిగే తీరిక ఎవరికీ లేదు. బీపీ పట్టీ మేకుకు వేలాడుతుంటుంది, అలంకారానికి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం చేరేలా నాళాన్ని తెరిచి ఉంచే పదార్థం ఒకటుంది. ఆ సూది మందు సరిగ్గా దాన్నే ఆపుతుంది. ఎండలో చెమటోడ్చి వచ్చిన మనిషికి అది ఎంత పనిచేస్తుందో తమరికి వేరే చెప్పాలా? మర్నాడు పెరిగేది తమరే కదా!

ఉద్దానం జబ్బుకు మూలం ఆ సూదే అని మేం అనం. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలన్నారు. 2017లో హార్వర్డ్ డాక్టర్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. మూలం ఇంకా ఖాయం కాలేదు. సరే, అది తేలేలోపు మేకుకున్న ఆ పట్టీ తీసి చేతికి చుట్టడానికి ఏ పరిశోధన అడ్డు?

పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లకు గొట్టాలు వేశారు. రెండూ కావలసినవే, దండం పెడతాం. కానీ పలాస బస్సెక్కేది తమరు పెరిగాక. పెరగక ముందు మనిషి కనబడేది ఈ గదిలోనే, ఆ బల్ల మీదే.

పింఛను సంగతీ తమరికి తెలుసు. డయాలసిస్‌కి ఇంకా చేరనివాళ్లకైతే తమరు 5 దాటాలి, లేదా జీఎఫ్ఆర్ 15 కంటే కిందికి పడిపోవాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోవాలి. ఇస్తున్న పదివేలు తక్కువేం కాదు, మందులకు ఆసరాయే. కాకపోతే 3 దగ్గర ఉన్నవాణ్ణి సచివాలయం మెట్ల మీద ‘‘ఇంకా పెరగలేదేటి?’’ అని సాటివాళ్లు ఓదారుస్తున్నారు. ఇంత అధికారం లోకంలో ఏ అంకెకైనా ఉందా?

కాబట్టి తమరు దయచేసి ఊరి స్థాయిలోనే దర్శనమివ్వాలి. సూదికి ముందు బీపీ చూడాలని, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయాలని, తమరి పక్కనే జీఎఫ్ఆర్ రాయాలని, మూడు నెలలకు మళ్లీ పిలవాలని ఆ గదికి తాకీదు ఇవ్వాలి. ఇచ్చిన మందు పేరు చదవగలిగేలా రాయమని కూడా. ఇప్పుడు రాసేది తమరు కూడా చదవలేరు.

ఇట్లు,
తమరి ఏలుబడిలోని ప్రజలు

నకలు: డైక్లోఫెనాక్ గారికి, సమాచారం నిమిత్తం.