ఏడాదికో సాలు

సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తున్న గుంటూరులో ట్రెక్కింగు బూట్లు ఎవరు కొంటారా అనుకునేవాణ్ణి. మా బాబాయి కొన్నాడు. మార్కెట్ యార్డులో కమీషన్ కొట్టు, ఊళ్లో పదెకరాల తేజ మిర్చి, ఒంట్లో షుగరు, మూడూ ఈ ఏడు బాగానే దిగుబడి ఇస్తున్నాయి. డాక్టరు రోజుకు పదివేల అడుగులు వెయ్యమన్నాడట. ఆ పదివేలు వైద్యులు తూచి చెప్పిన మోతాదేం కాదు, 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరు, తర్వాత అదే ప్రపంచానికి ఆరోగ్యసూత్రమైంది అని చెప్పాను. "ఏ రేటైనా ముందు ఎవడో ఒకడు పాడిందేగా" అన్నాడు. యార్డు మనిషి కదా.

ఇక ఎక్కడ నడవాలి? ప్రకాశం వైపు దోర్నాల దాటితే నల్లమల ఉంది, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖవాళ్లు జీపులో తిప్పి చూపిస్తారు కూడా. అయితే అక్కడ 'ఈజీ ట్రయల్' అని బోర్డు పెడితే అది ఎవరికి ఈజీ అన్నది పులి తేలుస్తుంది. బాబాయి వద్దన్నాడు. కొండవీడు చూద్దామంటే అది రెడ్డిరాజులు శత్రువు ఎక్కకూడదని చూసి మరీ కట్టిన కోట. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి కారు సునాయాసంగా ఎక్కుతుంది, కానీ షుగరు కారుకి లేదు. చివరికి నరసరావుపేట రోడ్డు మీద పేరేచర్ల నగరవనం దగ్గర తేలాం.

నగరవనం అనేది గొప్ప ఆలోచన. ఊరివాడు అడవికి వెళ్లలేడు కాబట్టి అడవినే కాస్త మంగలి దగ్గర కూర్చోబెట్టి, ఊరివాడి ముందుకు తెస్తారు. 2020 జూన్ 5న కేంద్రం దేశమంతటా 200 నగరవనాలు పెంచుతామని ప్రకటించింది. పుణెలో వార్జే అనే చోట పెంచిన వనం దీనికి ఆదర్శం. హెక్టారుకు 4 లక్షల రూపాయలు, అదీ కాంపా నిధి నుంచి. గనుల కోసమో ఆనకట్టల కోసమో రోడ్ల కోసమో అడవిని కొట్టేసేవాళ్లు కట్టే పరిహారమే ఈ కాంపా డబ్బు. పన్నెండో రోజున పోయినవారి పేరు చెప్పి బతికున్నవాళ్లకి గొడుగూ చెప్పులూ దానమిస్తారు చూడండి, అదే పద్ధతి. ఎక్కడో ఒక అడవి పోయిన పుణ్యాన ఇంకెక్కడో మనకి వాకింగ్ ట్రాక్ వస్తుంది. పోయినదాని ఆత్మ శాంతించిందో లేదో పైవాళ్లే చెప్పాలి.

ఇలాంటి వనాలు ఎక్కడ చూసినా దాదాపు ఒక్కలాగే ఉంటాయి. లోపల సిమెంటు జింక, సిమెంటు ఏనుగు, చెట్టు మొద్దులా కనిపించే సిమెంటు చెత్తబుట్ట. ఆ మొద్దు కోసం నిజం చెట్టు ఏమన్నా కొట్టారేమో అడగడం మర్యాద కాదు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద ఒకాయన ఫోనులో ఘంటసాల భగవద్గీత, ఇంకొకాయన స్పీకరు ఆన్ చేసి బాడిగ మిర్చి ఎంత పలికిందో కనుక్కోవడం. రెండూ నిష్కామకర్మే.

కొండ ప్రాంతాల్లో దారికి ఈజీ, మోడరేట్, డిఫికల్ట్ అని ఎత్తుని బట్టి గ్రేడు ఇస్తారు. మా దారికి ఎత్తన్నది లేదు కాబట్టి ఆ పని గడియారం చేస్తుంది. మే నెలలో పొద్దున ఆరింటికి ఈజీ, ఎనిమిదింటికి మోడరేట్, పదిన్నరకి డిఫికల్ట్, పన్నెండు దాటితే ఎవరెస్టే. ఆ లెక్కన ఎండలకి పేరుపడ్డ పల్నాటి రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం బస్టాండు నుంచి ఇంటికి నడిచొచ్చిన ప్రతి ముసలమ్మకీ పద్మశ్రీ బాకీ ఉన్నాం.

మా వనం గేటు దగ్గర టిక్కెట్టు ఉంటుంది. బాబాయి ఫోనుతో కట్టి, బండికి వేరే కట్టి, నాకూ కట్టి మురిసిపోయాడు. ఆ పల్నాటిలోనే 1921లో తెల్లదొరలు అడవిలో గొడ్లు మేపినందుకు, పుల్ల విరిచినందుకు పుల్లరి కట్టమంటే ఊళ్లకి ఊళ్లు మొండికెత్తాయి. అధికారులకి నీళ్లివ్వలేదు, తిండి పెట్టలేదు. మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో తూటాలతో పడగొట్టారు. ఆ సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవెల్లూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. మేం మరీ అంత మొండివాళ్లం కాదు. గొడ్లకి పుల్లరంటే తిరగబడ్డ జాతి, మనుషులకి పుల్లరంటే "నెలవారీ పాసు ఉందాండీ?" అని వినయంగా అడుగుతోంది.

అసలు నడవడానికి మా రేగడి నేల మీద దారులు లేకనా? డొంకలు ఉండేవి. ఊరి నుంచి ఊరికీ, ఊరి నుంచి చెరువుకీ బండ్లు, గొడ్లు, మనుషులు పోవడానికి పొలాల నడుమ వదిలిన బాటలు. రెండు పక్కలా వేపలు, రేగుకంపలు, తంగేడు. రికార్డులో పోరంబోకు, అంటే అందరిదీ. గుంటూరు నగరంలో ఇప్పటికీ ఒక డొంక రోడ్డు ఉంది, పేరు వరకు.

తీగ లాగితే డొంకంతా కదిలిందని సామెత. మా ఆసాములకి తీగతో పనిలేదు. దుక్కి దున్నేటప్పుడు నాగలి కాస్త పక్కకి పట్టిస్తే చాలు, ఏడాదికో సాలు చొప్పున డొంక దానంతటదే కదులుతుంది. ఇటు ఆసామి ఒక సాలు కలుపుకుంటే అటు ఆసామి ఊరుకుంటాడా? సమానత్వం కోసం తనూ ఒకటి కలుపుకుంటాడు. ట్రాక్టర్లు వచ్చాక సాలు కూడా సైజు పెరిగింది. రెండు బండ్లు ఎదురుపడి తప్పుకున్న డొంక ఒక బండికి, ఆనక ఒక మోటారు సైకిలుకి, చివరికి ఒక మేకకి సరిపడేంత అవుతుంది. ఆ మేక కూడా తల తిప్పితే పత్తి చేలో పడుతోందని తగాదా అయ్యాక డొంక కాగితంలోకి వెళ్లిపోతుంది.

మిగిలిన ముక్క ఏదన్నా ఉంటే సర్కారు తుమ్మ చూసుకుంటుంది. ఒంగోలు వైపు చిల్లకంప అంటారు. కట్టెల కరువు తీరుద్దామని 1870ల్లో మద్రాసు అటవీ అధికారులు దీన్ని ఖండాలు దాటించి తెచ్చి కడప జిల్లా కమలాపురం వైపు వేయించారు. ఆపైన అది ఎవరి అనుమతీ అడగలేదు. పేరే సర్కారుది, పనితనం మాత్రం ప్రైవేటుది. ఈ మైదానంలో నిఖార్సయిన ప్రజల అడవి ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. టిక్కెట్టు లేదు, వేళలు లేవు, ప్రారంభోత్సవం లేదు. నడవడానికి మాత్రం కుదరదు, ముల్లు చెప్పు దాటి వచ్చి పలకరిస్తుంది.

బాబాయి పొలం పక్కనా ఒక డొంక ఉండేది. ఇప్పుడక్కడ తేజ ఎర్రగా కాసింది. కోతల రోజుల్లో కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కూలి వలసకి, వచ్చిన ఆడవాళ్లు ఆ చేలోకి రావాలంటే దారి లేదు. మరో ముగ్గురి గట్ల మీదుగా, ఆ ముగ్గురి తిట్లూ వరసగా తింటూ రావాలి. వచ్చాక పొద్దుగూకేదాకా సాళ్ల వెంట వంగి నడుస్తారు. వాళ్ల అడుగులు ఏ గడియారానికీ ఎక్కవు. జపాను కంపెనీవాడు నిటారుగా నడిచేవాళ్లని చూసి చేశాడేమో. బాబాయి మాత్రం ఆరువేల అడుగులు పూర్తి చేసుకుని, మిగతా నాలుగువేలు సాయంత్రానికి బాకీ పెట్టి, కార్లో రోడ్డు దాకా వచ్చి, అక్కణ్ణించి కేకేస్తాడు. చేలోకి దిగడు. దారి లేదుగా.

మొన్న వాకర్ల తరఫున ఒక అర్జీ తయారు చేశాడు. ట్రాక్ ఇరుకుగా ఉంది, ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఎదురొచ్చేవాళ్లు మట్టిలోకి దిగాల్సొస్తోంది, ప్రజల దారి ప్రజలకి సరిపడా వెడల్పు ఉండాలి, ఇంకో అరకిలోమీటరు పొడిగించాలి. అర్జీ బాగా కుదిరింది, అందులో 'ప్రాథమిక హక్కు' అన్న మాట రెండుచోట్ల ఉంది. నేనూ సంతకం పెట్టాను. పెడుతూ పెడుతూ అడిగాను.

"బాబాయ్, మన పొలం పక్క డొంక కొలిచి రాళ్లు పాతడానికి సర్వేయరు వస్తున్నాడట కదా?"

"వచ్చి వెళ్లాడ్రా. నేనే ఆగమన్నా. నిన్ననే తడిపెట్టాం. తడి నేల్లో గొలుసు లాగితే కొలత తప్పొస్తుంది, పాపం ఉద్యోగానికి మాటొస్తుంది. ఈ కాయ దిగనీ, చూద్దాం. ముందు నువ్వు ఇక్కడ తారీకు వెయ్యి."