బెర్లిన్ కాపుర వ్రత విధానము

ఈ వ్రతాన్ని దంపతులు కలిసి ఆచరించాలి. ఒంటరిగా చేసినా ఫలితం దక్కుతుంది గానీ, విసుక్కోవడానికి పక్కన మనిషి లేక సగం పుణ్యం వృథా అవుతుంది. కావలసిన సామగ్రి: రెండు పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్టు, దాని జర్మన్ అనువాదం, ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం, ఓపిక. ఈ ఆఖరిది శనివారమే సమకూర్చుకోండి. ఆదివారం అక్కడ కొట్లు తెరవరు.

ముందుగా ఇల్లు. ఓనరు మీ జీతం స్లిప్పులు అడుగుతాడు. జీతం అదనపు కోతల్లేకుండా చేతికి రావాలంటే ఆఫీసువాళ్లు పన్ను నంబరు అడుగుతారు. చిరునామా నమోదు చేయించుకున్నాక గానీ ఆ నంబరు పోస్టులో రాదు. ఆ నమోదుకు (జర్మన్‌లో అన్మెల్డుంగ్) ఇల్లు కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న మన సామెతను జర్మన్లు విన్నట్టు లేదు గానీ, అమలు మాత్రం శ్రద్ధగా చేస్తున్నారు. ఈలోగా తాత్కాలికంగా దిగిన గది యజమాని, అద్దె అణా పైసలతో పుచ్చుకుని, "ఇక్కడ అన్మెల్డుంగ్ కుదరదు" అంటాడు. ఆశ్చర్యపోకండి. ఊళ్లో తెలుగువాళ్లు ఎదురుపడితే "బాగున్నారా" కంటే ముందు "అన్మెల్డుంగ్ అయిందా" అని అడిగేది ఇందుకే.

ఇల్లు దొరికాక పోస్టు డబ్బా మీద పేరు రాయడానికి బద్ధకించండి. అక్కడ ఫ్లాటు నంబర్లు ఉండవు. గంట మీదా డబ్బా మీదా ఉన్న పేరు చూసే పోస్టుమాను ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే ఆ పన్ను నంబరు వచ్చిన దారినే వెళ్లిపోతుంది. ఆ పేరు చీటీ చిటికెన వేలంత వెడల్పు ఉంటుంది. భార్యది పుట్టింటి ఇంటిపేరే అయితే రెండు ఇంటిపేర్లూ అందులోనే పట్టాలి. ఎవరిది పైన, ఎవరిది కింద అన్న విషయం మీద మొదటి వారాంతం గడిపేయవచ్చు. ఖర్చు లేదు.

వంటిల్లు ఉందా అని అడగకండి. చాలా అద్దె ఇళ్లలో వంటింటి స్థానంలో నాలుగు గోడలూ ఒక నీళ్ల గొట్టమూ ఉంటాయి. పాత అద్దెదారు పొయ్యి, సింకు, అల్మరాలు పట్టుకుపోయి ఉంటాడు. అవన్నీ కొని, బిగించి, మొదటిసారి ఇంగువ పోపు వేయగానే నడవలో పొగ అలారం కూస్తుంది. అదే గృహప్రవేశం.

ఇక నగర సందర్శనం. బ్రాండెన్‌బుర్గ్ గేటు ముందు ఒక సెల్ఫీ, బెర్లిన్ గోడ మిగిలిన చోట ఒకటి దిగి ఇంటి గ్రూపులో పెట్టండి. బెర్లిన్ చూడటం అయిపోయింది. మెట్రోలో అడ్డుగేట్లు లేవు కాబట్టి టికెట్టు ఎవరడుగుతారులే అని ధైర్యంగా ఉండండి. అడిగేవాడు మామూలు బట్టల్లో మీ పక్కనే కూర్చుని ఉంటాడు. జరిమానా 60 యూరోలు. కాగితపు టికెట్టు కొని ముద్ర వేయించడం మరిచినా అంతే.

అలకలకు ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. నగరం లోపలి పేటల చుట్టూ 37 కిలోమీటర్ల రింగు రైలు ఉంది. ఎస్41 సవ్య దిశలో, ఎస్42 అపసవ్య దిశలో తిరుగుతాయి. చుట్టు గంటలో పూర్తవుతుంది. గొడవైతే ఒకే స్టేషన్లో ఒకరు దీనిలో, ఒకరు దానిలో ఎక్కండి. అరగంటకు చుట్టుకు అవతలి కొసన ఎదురుపడతారు. మనవాళ్లు అలకపాన్పు మీద ఎన్ని బేరాలాడినా ఇంత కచ్చితమైన వేళకు రాజీ కుదరదు.

నమోదు ఆఫీసు అపాయింట్‌మెంటు మాత్రం మీ పేటలోనే కావాలని పట్టుబట్టండి. బెర్లిన్‌లో 12 జిల్లాలున్నాయి, ఎక్కడి ఆఫీసులోనైనా పని జరుగుతుంది, ఖాళీలు ఊరి చివరే ఎక్కువ దొరుకుతాయి. కానీ అంత దూరం ఎవరు పోతారు? చట్టం మాత్రం ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు నమోదవ్వాలంటుంది. చివరికి ఆగ్నేయాన కోపెనిక్‌లో దొరికితే భర్త ముఖం మాడ్చుకోవాలి. "నిన్న రాత్రే బుక్ చెయ్యమన్నానా లేదా?" అని భార్య రైల్లో నాలుగు స్టేషన్ల పాటు అడగాలి.

దిగాక చూస్తే స్ప్రే, డామె నదులు కలిసే చోట పాత ఊరు, దీవి మీద కోట, ఎర్ర ఇటుకల టౌన్‌హాలు. దాని గుమ్మం దగ్గర సైనిక దుస్తుల్లో ఒక కంచు విగ్రహం. యుద్ధవీరుడని దండం పెట్టకండి. ఆయన విల్‌హెల్మ్ ఫోగ్ట్, చెప్పులు కుట్టేవాడు, పాత ఖైదీ. ఊళ్లో ఉండే అనుమతి లేక పని దొరకలేదని, పని లేక అనుమతి దొరకలేదని చెప్పుకుంటారు. 1906 అక్టోబరులో పాత బట్టల కొట్లలో కెప్టెన్ యూనిఫాం కొని తొడుక్కుని, దారినపోయే సిపాయిలను "నా వెంట రండి" అని రైలెక్కించి ఇక్కడికి తెచ్చాడు. మేయర్‌ను అరెస్టు చేయించి, ఖజానా పట్టుకుని వెళ్లిపోయాడు. అరెస్టు కాగితం ఒక్కటీ చూపకుండానే పని జరిగిపోయింది. పట్టుబడ్డాక నాలుగేళ్ల శిక్ష పడింది, 1908లో కైజరే క్షమించి వదిలేశాడు. ఫైలు పట్టుకుని క్యూలో నిలబడబోయే కొత్త దంపతులకు ఇంతకన్నా తగిన ఇలవేల్పు బెర్లిన్‌లో లేడు. గైడు పుస్తకం చూసి బయల్దేరి ఉంటే ఇటువైపు వచ్చేవారే కాదు. నన్నడిగితే ఆ ఊళ్లో చూడదగ్గవన్నీ ఏదో ఒక కాగితం పని మీద వెళ్లే దారిలోనే ఉన్నాయి.

పని లేని ఆదివారం టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్లండి. అది 2008లో మూసేసిన విమానాశ్రయం, 2010 నుంచి పార్కు. రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతుంటారు. దాదాపు 300 హెక్టార్లు, అంటే 740 ఎకరాలు. హైదరాబాదులో పెరిగిన భర్త అక్కడ నిలబడి, రోడ్లకు పోగా ఎన్ని రెండొందల గజాల ప్లాట్లు పడతాయో ఫోన్లో లెక్క వేయడం సహజం. వేయనివ్వండి. అంచుల్లో ఇళ్లు కట్టాలన్న నగర ప్రభుత్వ ఆలోచనను 2014లో బెర్లిన్ జనమే ఓటేసి ఆపేశారు. అద్దె ఇంటి కోసం అల్లాడే ఊరు వేసిన ఓటది. ఇల్లు ఇంకోచోట వెతుక్కోండి. అక్కడికి మాత్రం ఒక గాలిపటం పట్టుకెళ్లండి, గాలి బాగా ఉంటుంది.